పాఠకుల ప్రశ్నలు: మన మూలికలు, క్యాన్సర్ ఇమ్యునోథెరపీ, కంప్యూటర్ వెతుకులాట

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద వచ్చాయి: ఇమ్యునోథెరపీకి (ఒంటి రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి లేపే వైద్యానికి) పనికొచ్చే అణువుల్ని మందుమొక్కల్లో కంప్యూటర్‌తో వెతకడం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులే ఎక్కువమంది రాశారు. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నల్ని కలిపేశాం. రోగి ఇంటివాళ్లు రాసిన ఉత్తరం ఒకటుంది. వాయిదా వేసే ప్రశ్న కాదు కాబట్టి దాన్నే ముందు తీసుకుంటున్నాం.

ప్రశ్న: సార్, మా నాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. మూడు వారాలకొకసారి పెంబ్రోలిజుమాబ్ ఎక్కిస్తాండారు. తిప్పతీగ, అశ్వగంధలో ఉండే పదార్థాలు కూడా అదే పని చేస్తాయని కంప్యూటర్‌లో తేలిందంట, ఫోన్‌లో వీడియో వచ్చింది. పొద్దున్నే తిప్పతీగ కషాయం తాపిస్తే మంచిదేనా? డాక్టరుకు చెప్తే అరుస్తాడేమోనని చెప్పలేదు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తాపించొద్దు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, ఎన్నాళ్లు, ఎంత మోతాదు ఇచ్చారో కాగితం మీద రాసుకుని తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుగారికి చెప్పండి.

కారణం ఇదీ. మన టీ కణాల (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల) మీద పీడీ-1 అనే ప్రోటీన్ ఉంటుంది. చాలా క్యాన్సర్ కణాలు తమ మీదున్న పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను దానికి తగిలించి టీ కణాన్ని అణిచేస్తాయి. పెంబ్రోలిజుమాబ్ పీడీ-1 మీద కూర్చుని ఆ తగులుకోవడాన్ని ఆపుతుంది. అణిగి ఉన్న టీ కణాలు మళ్లీ లేస్తాయి. లేచినవి కణితి మీదే పడతాయన్న హామీ లేదు. కొందరిలో కాలేయం, పేగులు, ఊపిరితిత్తులు, థైరాయిడ్ మీద కూడా పడతాయి. డోసుకు ముందు ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయం రక్తపరీక్షలు రాసేది అందుకే. ఇక తిప్పతీగ సంగతి. కోవిడ్ రోజుల్లో దాన్ని వాడిన కొందరికి, ఒంటి రక్షణ వ్యవస్థే కాలేయం మీద పడ్డట్టుండే వాపు రావడం ముంబై వైద్యులు నమోదు చేశారు. మీ నాయనగారికి రేపు ఏఎల్‌టీ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు దాటిందనుకోండి. డాక్టరు ఇంజెక్షన్ నిలిపేయాలి, స్టెరాయిడ్లు కూడా మొదలుపెట్టాల్సి రావచ్చు. కషాయం సంగతి ఆయనకు తెలియకపోతే నింద ఇంజెక్షన్ మీద పడుతుంది, పనిచేస్తున్న మందు ఆగిపోతుంది.

విరేచనాలు రోజూ అయ్యేదానికంటే నాలుగుసార్లు ఎక్కువైనా, కొత్తగా ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఇంటి వైద్యం పెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి. కూరలో వేసే పసుపు, చారులో మిరియాల గురించి బెంగ వద్దు. పసుపులోని కర్కుమిన్, మిరియాల్లోని పైపరిన్ కలిపిన గొట్టం మాత్రల (క్యాప్సూల్స్) సంగతి వేరు. ఇమ్యునోథెరపీతో పాటు పాక్లిటాక్సెల్ లాంటి కీమో కూడా ఇస్తుంటే, కాలేయంలో మందుల్ని విడగొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమును పైపరిన్ మందగింపజేస్తుంది. అవీ అడక్కుండా వేయొద్దు.

"కంప్యూటర్‌లో తేలింది" అంటే ఏం తేలినట్టో కింది జవాబుల్లో చూడండి. ఆ వెతుకులాట పేరు డాకింగ్: ప్రోటీన్ గుంటలో అణువు ఎలా కూర్చుంటుందో, ఎంత గట్టిగా అతుకుతుందో కంప్యూటర్ అంచనా కట్టి స్కోరు (మోలుకు కిలోకెలరీల్లో) ఇస్తుంది. మైనస్ ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిదని లెక్క.

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టు చేస్తున్నాను. 4జెడ్‌క్యూకే (పీడీబీ అనే ప్రోటీన్ నిర్మాణాల నిధిలోని సంకేతం) నిర్మాణం నుంచి పీడీ-ఎల్1 గొలుసు ఒక్కటి తీసుకుని 60 మూలికా అణువుల్ని ఆటోడాక్ వీనా అనే ప్రోగ్రాంలో డాక్ చేశాను. అన్నీ −6కు, −7.3కు మధ్యే వస్తున్నాయి. పోలిక కోసం పెట్టిన, పీడీ-ఎల్1కు అతుకుతుందని తేలిన బీఎంఎస్-202 కూడా −6.9 దగ్గరే ఆగింది, కర్కుమిన్ దాన్ని దాటేసింది. "కర్కుమిన్ మెరుగు" అని థీసిస్‌లో రాయొచ్చా మేడమ్?
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: రాయొద్దమ్మా. మీ లెక్క చెబుతున్నది కర్కుమిన్ గొప్పతనం కాదు, ఎంచుకున్న నిర్మాణంలో గుంట లేదని. 4జెడ్‌క్యూకేలో పీడీ-1, పీడీ-ఎల్1 ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అవి తగిలే చోటు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. పెంబ్రోలిజుమాబ్ లాంటి సుమారు లక్షన్నర డాల్టన్ల యాంటీబాడీకి అంత చోటు చాలు, ఎక్కడో ఒకచోట పట్టు దొరుకుతుంది. 300, 400 డాల్టన్ల మూలికా అణువుకు అక్కడ నిలవడానికి ఆధారం ఉండదు. అందుకే ఏది వేసినా −6, −7 దగ్గరే తచ్చాడుతుంది. పనిచేస్తుందని ప్రయోగశాలలో తేలిన అణువును కూడా మీ ఏర్పాటు గుర్తుపట్టలేదంటే మిగతా 60 స్కోర్లకూ విలువ లేనట్టే.

బీఎంఎస్-202 పనిచేసే తీరు వేరు. అది రెండు పీడీ-ఎల్1లను జతగా దగ్గరికి లాగి, వాటి నడుమ ఏర్పడే సొరంగంలాంటి గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట రెండు గొలుసులు కలిస్తేనే పుడుతుంది. ఒక గొలుసు తీసేశారా, గుంట సగం పోయినట్టే. కాబట్టి 5జే89 నిర్మాణం తీసుకోండి. అందులో బీఎంఎస్-202 కూర్చునే ఉంది, స్పష్టత 2.2 ఆంగ్‌స్ట్రాములు. ఏ, బీ, సీ, డీ అని నాలుగు గొలుసులు కనిపిస్తాయి. ఏ–బీ ఒక జత, సీ–డీ ఇంకో జత. ఏ–బీ జతను, దానికి అతికి ఉన్న అణువును, అంటే లైగాండ్‌ను ఉంచుకుని మిగతాది తీసేయండి. చాలా చోట్ల వీడియో చూసి "ఏ గొలుసు మాత్రమే ఉంచాలి" అనే అలవాటు పడిపోయింది. వేరే ప్రోటీన్లకు అది సరే, ఇక్కడ మాత్రం కొంప ముంచుతుంది.

తర్వాత లైగాండ్‌ను విడిగా దాచి, నీటి అణువుల్ని తీసేసి, ప్రోటీన్‌కు హైడ్రోజన్లు చేర్చి వీనా చదివే పీడీబీక్యూటీ ఫైలుగా మార్చండి. వీనా స్కోరులో విద్యుదావేశాల పాత్ర లేదు కాబట్టి ఏ పద్ధతి చార్జీలు వేయాలా అని మథనపడక్కర్లేదు. హైడ్రోజన్లు ఉండాల్సినచోట ఉన్నాయా లేదా అన్నదే చూసుకోండి. వీనా వెతికే పెట్టె కేంద్రం ఆ లైగాండ్ కేంద్రమే. బీఎంఎస్-202 పొడుగాటి అణువు, కాబట్టి మూడు వైపులా 24 ఆంగ్‌స్ట్రాములు పెట్టండి. మొత్తం ప్రోటీన్‌ను కప్పేలా పెట్టె పెడితే వెతకాల్సిన జాగా పెరిగి, ఒకే అణువు ఈరోజొక చోట, రేపొక చోట కూర్చుంటుంది. పెట్టె ఘనపరిమాణం 27,000 ఘన ఆంగ్‌స్ట్రాములు దాటితే వీనానే హెచ్చరిస్తుంది. ఆ వరుసను చదవకుండా దాటేయకండి. ఎగ్జాస్టివ్‌నెస్ (ఎంత గట్టిగా వెతకాలో చెప్పే సంఖ్య) మొదట 8 ఉంటుంది, చివరి జాబితాకు 32 చేయండి. వెతుకులాట ఎక్కడ మొదలవుతుందో తేల్చే సీడ్ సంఖ్యను నోటు పుస్తకంలో రాసుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష: బీఎంఎస్-202ను మళ్లీ అదే గుంటలో డాక్ చేసి, స్ఫటికంలో కూర్చున్న తీరుతో పోల్చడం. ఆర్ఎంఎస్‌డీ (రెండు రూపాల పరమాణువుల మధ్య సగటు దూరం) 2 ఆంగ్‌స్ట్రాముల లోపు రావాలి. స్ఫటికంలోని అణువునే ఎత్తి మళ్లీ వేయకండి, మొదటినుంచి కొత్తగా త్రిమితీయ రూపం కట్టి వేయండి. లేకపోతే జవాబు ముందే చూపించి పరీక్ష పెట్టినట్టవుతుంది. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంటుంది. అణువుల్ని చూపే పైమోల్ ప్రోగ్రాంలో రెండు అణువుల మీద అలైన్ ఆదేశం కొడతారు. అది ఒకదాన్ని జరిపి రెండో దాని మీద కూర్చోబెట్టి ఆర్ఎంఎస్‌డీ చెబుతుంది. అణువు గుంట బయట వేలాడుతున్నా అప్పుడు 0.8 రావచ్చు! జరపకుండా ఉన్నచోటే కొలిచే ఆదేశం వాడాలి. కొలిచాక కంటితో కూడా చూడండి: పీడీ-ఎల్1లోని అమైనో ఆమ్లాలు టైరోసిన్ 56, మెథియోనిన్ 115, అలనిన్ 121 అణువుకు ఆనుకుని ఉన్నాయా?

ఇది దాటాక కూడా ఒక మెట్టుంది. కెంబల్, బైండింగ్‌డీబీ అనే కొలతల నిధుల నుంచి పీడీ-ఎల్1కు అతుకుతాయని కొలిచి చూపిన అణువులు ఒక 15, అదే బరువు, అదే తీరు ఉండి అతకవనుకునేవి ఒక 500 కలిపి డాక్ చేయండి. మొదటి 25 స్థానాల్లో ఆ పదిహేనులో ఎన్ని వచ్చాయి? ఒకటో అరో వస్తే చీటీలు తీసినట్టే లెక్క. ఏడెనిమిది వస్తే మీ ఏర్పాటు నమ్మదగ్గదే. ఈ సంఖ్య ఒక్కటి థీసిస్‌లో ఉంటే పరీక్షకులు అడిగే సగం ప్రశ్నలకు అదే సమాధానం చెబుతుంది.

కర్కుమిన్ గురించి ఇంకొక్క మాట. అది పీడీ-ఎల్1కు నేరుగా అతుక్కోకుండానే క్యాన్సర్ కణంలో దాని పరిమాణం తగ్గించగలదు. పీడీ-ఎల్1 చెడిపోకుండా కాపాడే సీఎస్ఎన్5 అనే ప్రోటీన్‌ను కర్కుమిన్ అడ్డుకుంటుందని 2016లో ప్రచురితమైంది. ఫలితం నిజమైనా లక్ష్యం వేరు కావచ్చు. పీడీ-ఎల్1 తగ్గిందన్న పేపరు చూసి దాన్ని పీడీ-ఎల్1 గుంటలోనే డాక్ చేయడం తప్పుదారి.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ విద్యార్థులతో నల్లమల మొక్కల అణువుల పట్టిక తయారు చేయించాలనుకుంటున్నాం. నిర్మాణాలు ఎక్కడ దొరుకుతాయి? పట్టికలో ఏం తీసేయాలి?
– వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: మొదట ఇంపాట్ చూడండి. చెన్నై గణితశాస్త్రాల సంస్థ వారు కట్టిన ఉచిత నిధి అది. రెండో కూర్పులో 4,010 భారతీయ మందుమొక్కలు, 17,967 అణువులు ఉన్నాయి. అణువు మొక్కలో ఏ భాగంలో ఉందో వేరుగా చెబుతుంది, త్రిమితీయ ఫైళ్లు కూడా ఇస్తుంది. మిగతావి పబ్‌కెమ్ అనే రసాయనాల నిధిలో తీసుకోవచ్చు.

పేర్ల దగ్గర జాగ్రత్త. నేలవేము అంటే ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా, ఆండ్రోగ్రాఫొలైడ్ దాని చేదు. కానీ మన కొండల్లో అదే ప్రజాతికి చెందిన వేరే మొక్కలున్నాయి. నల్లమల పేరే పెట్టుకున్న ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా వాటిలో ఒకటి. ప్రజాతి ఒకటే కదా అని పానిక్యులేటా అణువుల్ని దాని ఖాతాలో వేస్తే పట్టిక మొత్తం అబద్ధమవుతుంది. పిల్లలు తెచ్చిన కొమ్మను శాస్త్రీయ నామంతో ఖాయం చేయించండి. కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాలు ఉండనే ఉన్నాయి. ఎర్రచందనం జోలికి మాత్రం పిల్లల్ని పంపకండి, చెక్క ముక్క దొరికినా కేసే. చేవలో ఉండే టెరోస్టిల్బీన్ శుద్ధమైన రూపంలో రసాయనాల దుకాణంలోనే దొరుకుతుంది.

పట్టిక శుభ్రం చేయడమే పెద్ద పని. ఒకే అణువు నాలుగు పేర్లతో ఉంటుంది, పేరుతో కాకుండా నిర్మాణ సంకేతంతో జల్లించి నకళ్లు తీసేయండి. లవణాల్లోంచి సోడియం, క్లోరైడ్ ముక్కలు తీయండి. అణువు కుడి ఎడమల (స్టీరియోకెమిస్ట్రీ) సమాచారం లేని నిర్మాణాల్ని పక్కన పెట్టండి. అశ్వగంధలోని విథాఫెరిన్-ఏ లాంటి అణువులో ఆ గుర్తులు లేకపోతే ఫైళ్లు మార్చే ఓపెన్ బాబెల్ ప్రోగ్రాం తనకు తోచిన రూపం కడుతుంది, మీరు డాక్ చేసేది మొక్కలో లేని అణువు. బల్లపరుపు ఫైలును త్రిమితీయం చేయకుండా పీడీబీక్యూటీగా మార్చేయడం ఇంకో తప్పు. ప్రోగ్రాం ఏ ఫిర్యాదూ చేయదు, స్కోరు కూడా ఇచ్చేస్తుంది. కట్టిన రూపాల్లో ఓ పదింటిని తిప్పి చూడండి, కాగితంలా చదునుగా ఉంటే అక్కడే ఆగండి.

చివరగా పెయిన్స్ వడపోత. 2010లో బేల్, హాలోవే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పోగుచేసిన గుర్తులివి. ఏ పరీక్ష పెట్టినా "పనిచేసింది" అని మోసపుచ్చే అణు భాగాలన్నమాట. క్వినోన్లు, క్యాటికాల్‌లు మూలికల్లో కొల్లలు. స్విస్ ఏడీఎంఈ వెబ్‌సైటు ఉచితంగా చూపిస్తుంది. గుర్తు పడిందని అణువును పారేయక్కర్లేదు, కానీ పక్కన ఎర్ర సిరాతో రాసి పెట్టండి.

ప్రశ్న: ఒక పేపరులో రూటిన్‌కు −9.4, టెరోస్టిల్బీన్‌కు −7.0 వచ్చాయి. రూటినే మేలు కదా? −8.4కూ −8.7కూ తేడా ఎంత?
– బయోటెక్నాలజీ విద్యార్థి, కడప

జవాబు: ముందు రెండోది. 25 డిగ్రీల దగ్గర 1.36 కిలోకెలరీల తేడా అంటే పట్టు పదిరెట్లు మారినట్టు. ఆ లెక్కన 0.3 తేడా ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. కానీ వీనా అంచనాలోనే 2 నుంచి 3 కిలోకెలరీల తప్పు ఉంటుంది, అంటే వంద రెట్లు అటూ ఇటూ. కాబట్టి −8.4, −8.7 ఒకటే. వరుసలో ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇవ్వకుండా "పై వంతు, నడిమి వంతు" అని విడగొట్టడం నిజాయితీ.

రూటిన్‌లో హైడ్రోజన్లు కాక 43 పరమాణువులు, టెరోస్టిల్బీన్‌లో 19. అణువు పెద్దదైతే తాకే చోట్లు పెరిగి స్కోరు దానంతటదే పెరుగుతుంది. భాగించి చూడండి: రూటిన్‌కు పరమాణువుకు 0.22, టెరోస్టిల్బీన్‌కు 0.37. పైగా రూటిన్ బరువు 610, హైడ్రోజన్ ఇచ్చే చోట్లు 10. నోటి మందులకు చెప్పే లిపిన్‌స్కీ హద్దులు 500, 5. నోటితో వేసుకుంటే పేగుల్లో సూక్ష్మజీవులు చక్కెరల్ని తెంచేస్తాయి, రక్తంలోకి వెళ్లేది వేరే అణువు. చక్కెరలు తగిలించుకున్న చాలా అణువులకు ఈ బెడద ఉంది. వాటితో పాటు చక్కెర తెగిన రూపాన్ని కూడా డాక్ చేయడం మంచి పద్ధతి.

ఇంకోటి: విథాఫెరిన్-ఏ లాంటివి ప్రోటీన్‌లోని సిస్టీన్‌తో శాశ్వత బంధం కట్టగలవు. మామూలు డాకింగ్‌కు ఆ సంగతి తెలియదు, వాటి స్కోరును మిగతావాటి పక్కన పెట్టి పోల్చకూడదు.

ప్రశ్న: 8 కోర్ల ల్యాప్‌టాప్ చాలా? ఎండాకాలం కరెంటు పోతే మొదటికొస్తోంది.
– అనంతపురం

జవాబు: డాకింగ్‌కు చాలు. ఒక్కో అణువుకు రెండు నిమిషాలనుకుంటే 2,000 అణువులకు 67 గంటలు. ఒకదాని తర్వాత ఒకటి నడిపే చిన్న స్క్రిప్టు రాసి, ఫలితం ఫైలు ఉన్న అణువును దాటేయమని అందులో చెప్పండి. కరెంటు వచ్చాక ఆగినచోటి నుంచే నడుస్తుంది. ఆరు కోర్లు పనికిచ్చి రెండు వదిలేయండి, వేడి తగ్గుతుంది.

మాలిక్యులర్ డైనమిక్స్‌కు (అణువులు కాలంతో ఎలా కదులుతాయో చూసే లెక్కకు) మాత్రం జీపీయూ ఉన్న యంత్రం చూసుకోండి. గ్రోమాక్స్ ప్రోగ్రాంలో పై ఐదు అణువుల్ని, బీఎంఎస్-202ను, ఏ అణువూ లేని జతను 100 నానోసెకన్ల చొప్పున, ఒక్కోదాన్ని వేర్వేరు ఆరంభ వేగాలతో మూడుసార్లు నడపాలి. ఒక్కసారి నడిపిన గ్రాఫుకు విలువ తక్కువ. గ్రాఫులో ఆర్ఎంఎస్‌డీ ఉన్నట్టుండి 40 ఆంగ్‌స్ట్రాములు ఎగిరితే అణువు ఊడిపోయిందని కంగారు పడకండి. చాలాసార్లు ఏదో ఒక గొలుసు పెట్టె గోడ దాటి అటువైపు కనిపిస్తుంటుంది. గ్రోమాక్స్‌లోని ట్రజ్‌కాన్వ్ ఆదేశంతో అన్నిటినీ ఒకచోటికి చేర్చి మళ్లీ కొలవండి.

ప్రశ్న: డాకింగ్‌లో పైకొచ్చిన అణువుల్ని మా కాలేజీలో ఎంటీటీ పరీక్ష చేసి ఇమ్యునోథెరపీకి పనికొస్తాయని చూపొచ్చా?
– ఫార్మసీ పరిశోధకుడు, కర్నూలు

జవాబు: చూపలేరు. ఎంటీటీ చెప్పేది కణం బతికుందా చచ్చిందా అని. పీడీ-ఎల్1ను అడ్డుకునే మంచి అణువు క్యాన్సర్ కణాన్ని తానుగా చంపకూడదు కూడా, దాన్ని చంపాల్సింది టీ కణం. డాకింగ్ ఒక జల్లెడ, అంతే. దాని తర్వాత మూడు మెట్లున్నాయి. పీడీ-1, పీడీ-ఎల్1 అతుకు విడిపోతోందా అని హెచ్‌టీఆర్‌ఎఫ్ (వెలుగుతో అతుకును కొలిచే పరీక్ష) లేదా ఎలీసాతో కొలవాలి. అతుకు అణువు వల్లే విడిందా అని శుద్ధి చేసిన పీడీ-ఎల్1తో వేరే పద్ధతిలో సరిచూడాలి. ఆ తర్వాత పీడీ-ఎల్1 ఉన్న కణాలను, పీడీ-1 ఉన్న జర్కాట్ టీ కణాలను కలిపి పెంచి, టీ కణం మేల్కొన్నప్పుడు వెలుగు వచ్చే లూసిఫరేజ్ పరీక్ష చేయాలి. అక్కడ కూడా అణువు ఒక్కటే వేస్తే జర్కాట్ చచ్చిపోతోందా అని పక్కన చూసుకోవాలి. ఎంటీటీకి చోటు ఉన్నది అక్కడే.

హెచ్‌టీఆర్‌ఎఫ్‌లో బీఎంఎస్-202 సగం అడ్డుకునే గాఢత 18 నానోమోలార్. మీ అణువుకు 50 మైక్రోమోలార్ కావాల్సి వస్తే దాదాపు మూడు వేల రెట్లు బలహీనం. "క్రియాశీలం" అని రాసేముందు ఆ సంఖ్య పక్కన పెట్టండి. రంగున్న అణువులు, తామే మెరిసే కర్కుమిన్ లాంటివి, వెలుగును కొలిచే పరీక్షలన్నిటినీ తికమక పెడతాయి. ప్రోటీన్లు లేకుండా అణువు ఒక్కదాన్నే వేసిన గుంటలు (పరీక్ష పళ్లెంలోవి) కొన్ని తప్పక పెట్టుకోండి. గుంపుకట్టి ప్రోటీన్‌ను మూసేసే అణువులూ ఉంటాయి. సబ్బులాంటి ట్రైటాన్ ఎక్స్-100ను 0.01 శాతం కలపగానే ప్రభావం మాయమైతే అది ఆ బాపతే. కణాల్లో, అణువును కరిగించడానికి వాడే డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటనివ్వకండి.

అణువు బదులు మొక్క రసాన్నే, ముఖ్యంగా తిప్పతీగ పాలీశాకరైడ్లను వేసేవాళ్లకు ఒక ప్రత్యేక ప్రమాదం. ఎండబెట్టేటప్పుడు, నానబెట్టేటప్పుడు చేరిన బ్యాక్టీరియా పొర ముక్కలు, అంటే ఎండోటాక్సిన్, పికోగ్రాముల్లో ఉన్నా రక్తకణాలు సైటోకైన్లు విడుదల చేస్తాయి. మూలిక రక్షణ శక్తిని లేపిందని సంబరపడతాం, లేపింది బ్యాక్టీరియా మురికి. ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్ఏఎల్ పరీక్ష చేసి, దాన్ని పట్టేసే పాలీమిక్సిన్-బీ కలిపిన గుంట, కలపని గుంట పక్కపక్కన పెట్టండి. కలిపినదాంట్లో ప్రభావం పోతే ఆ రసాన్ని పక్కన పడేయడమే.

ఎలుకల ప్రయోగానికి ఎథికల్ కమిటీ అనుమతి అడిగేముందు ఒకటి గుర్తుంచుకోండి: మనిషి పీడీ-ఎల్1కు అతికే బీఎంఎస్ జాతి అణువులు ఎలుక పీడీ-ఎల్1కు సరిగా అతకవు. మామూలు ఎలుకలో కణితి తగ్గితే మీ అణువు వేరే దారిలో పనిచేసిందని అర్థం. మనిషి పీడీ-ఎల్1 పెట్టిన ఎలుకలు ఖరీదైనవి, ప్రాజెక్టు బడ్జెట్ మొదట్లోనే అడగండి.

ప్రశ్న: పెన్నేరుగడ్డ వేయమని ఒకాయన తిరుగుతున్నాడు. క్యాన్సర్‌కు పనికొస్తుందని కంప్యూటర్లో కనిపెట్టారంట, రేటు మూడింతలు అవుతుందంట. విత్తనానికి ముందే డబ్బు కట్టమంటాండాడు.
– రైతు, అనంతపురం జిల్లా

జవాబు: కట్టకండి. పెన్నేరుగడ్డకు, అదే అశ్వగంధకు, ఇవాళ ఉన్న గిరాకీ ఎండు వేరుకు. వేరు లావు, పొడుగు, పిండి చూసి ధర కడతారు. కంప్యూటర్లో ఎక్కువగా వినిపించే విథాఫెరిన్-ఏ ఆకులోనే ఎక్కువ. మందు కంపెనీ ఎప్పుడైనా దాన్ని కొన్నా శుద్ధి చేసిన పొడి కిలోల లెక్కన కొంటుంది, మీ బస్తాలు కాదు. పంట వేయాలనుంటే మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్లో ఈ వారం ఎండు వేరు ధర కనుక్కోండి. పంట చేతికి ఐదారు నెలలు పడుతుంది, ఎర్ర చల్కలో నీరు నిలవకుండా చూసుకోవాలి. ఆ మనిషి కొంటానంటే ధర, తేమ శాతం, ఎవరు రవాణా పెట్టుకోవాలి అన్నవి స్టాంపు కాగితం మీద రాయించి, విత్తనం డబ్బు పంట అమ్మిన రోజున మినహాయించుకోమనండి.